గట్టున మందు

మా అత్తయ్యకు షుగర్ వచ్చిన ఏడాదే నాకు వైద్యం పిచ్చి పట్టింది. ఫోన్లో వీడియోలు చూసి నేర్చిన వైద్యం. నేల ఉసిరి కషాయం, సుగంధిపాల వేళ్ల షర్బతు అయ్యాక చివరికి తంగేడు పూల టీ దగ్గర ఆగాను. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే దారిలో చేల గట్ల మీద తంగేడు విరగబూస్తుంది. బండి ఆపి సంచి నిండా కోసుకొచ్చేదాన్ని. డాబా మీద నీడన ఆరబెట్టి, రోజూ పొద్దున్నే రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా మరిగించి ఆమెకిచ్చేదాన్ని. నేను మాత్రం కాఫీ తాగేదాన్ని. ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది.

మొదటి రోజు గ్లాసు అందుకుని, "వెయ్యి మందిని చంపితేగానీ అరవైద్యుడు కాడంటారు. నువ్వు నాతో మొదలెట్టావా అమ్మాయ్" అంది అత్తయ్య. నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా నా వంటకు ఆమె వంక పెట్టని పూట లేదు. కానీ ఆ టీ తాగింది. మర్నాడూ తాగింది, ఏ వంకా పెట్టలేదు. అందుకే ఆ పూల మీద నాకంత పట్టుదల పుట్టింది.

దసరా ముందు పూలు అయిపోవస్తే మళ్లీ వెళ్లాను. కోస్తుంటే పత్తి చేలోంచి రైతు కేకేశాడు.

"గట్టున మందుందండీ."

ఇంకేదో కూడా అన్నాడు గానీ, సిమెంటు లారీ ఒకటి ఆ మాటను మింగేసుకుంటూ పోయింది. తంగేడు విలువ రైతుకూ తెలుసు కదా అని నేను పొంగిపోయాను. "తెలుసండీ, అందుకేగా" అని చెయ్యి ఊపి, ఇంకో గుప్పెడు ఎక్కువే కోశాను. ఇంటికొచ్చి, "రైతు కూడా మందేనన్నాడు అత్తయ్యా" అని గొప్పగా చెప్పాను.

ఎండాక అన్ని పూలూ ఒకలాగే ఉంటాయి. కాచేటప్పుడు వాసన కాస్త తేడాగా అనిపించింది. సరిగ్గా ఆరలేదేమో అనుకున్నాను. ఆరు రోజులు కాచి ఇచ్చాను.

ఏడో రోజు అటు వెళ్తే ఆ గట్టు గట్టంతా మాడిపోయి ఉంది. వానలు పడుతున్న రోజులవి, చుట్టూ చేలన్నీ పచ్చగా ఉన్నాయి. తంగేడు పొదలు మాత్రం మంట తగిలినట్టు ఎర్రబారి వేలాడుతున్నాయి. కింద ఒక ఖాళీ డబ్బా పడి ఉంది. వంగి దాన్ని చేతిలోకి తీసుకున్నాను. రైతు అక్కడే మోటారు దగ్గరున్నాడు.

"ఆ రోజే చెప్పాగదండీ, గడ్డి మందు కొట్టానని. తెలుసన్నారుగా. బతుకమ్మకేమో కోస్తున్నారనుకున్నా. తాగుతారని నాకేం తెలుసండీ?"

రోగానికీ మందే, కలుపుకీ మందే. గడ్డి మందు తాగినవాళ్లు మొదట్లో బాగానే తిరుగుతారని, తిని మాట్లాడుతుండగానే లోపల అంతా పాడైపోతుందని మా వైపు తెలియనివాళ్లు లేరు.

నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్య వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"నోట్లో గానీ గొంతులో గానీ మంటగా ఉందా అత్తయ్యా?"

"నాకేం, బానే ఉన్నా" అంది తలెత్తకుండా.

నిజం చెప్పే ధైర్యం చాలలేదు. షుగర్ పరీక్షని అబద్ధమాడి నందిగామ తీసుకెళ్లాను. ఆమెను బయట కూర్చోబెట్టి డాక్టరుకు అంతా చెప్పాను, డబ్బా చూపించాను. ఆయన ఆమెను పిలిచి నోరు తెరిపించి చూశారు. పుండ్లు లేవు. ఆమె వెళ్లాక, "మంటేమైనా ఉందందా?" అని నన్నడిగారు. లేదన్నాను. ఉంటే ఇప్పుడే చేర్చుకునేవాణ్ణన్నారు. రక్తం బాగానే ఉంది, మంట మొదలైతే ఆ క్షణమే తీసుకురండి, లేకపోతే వారం తర్వాత మళ్లీ చూద్దామన్నారు.

ఆ వారం నేను మనిషిని కాను. మిగిలిన పూలను పెరట్లో లోతుగా పాతిపెట్టాను. మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే పక్కన నిలబడి, గుండె లేచి పడుతోందో లేదో చూసేదాన్ని. పొద్దున్నే ఆమె టీ అడిగేది. పూలు అయిపోయాయని చెప్పేదాన్ని.

రెండో పరీక్షకు బస్సులో వెళ్తుండగా ఆమెకు దగ్గొచ్చింది. నీళ్ల సీసా ఇచ్చాను. గుక్క మింగుతూ కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఏమైందత్తయ్యా?"

"గొంతు మంటే. కొత్త పూలు తెచ్చావే, అప్పట్నించి."

"మరి ఆ రోజు అడిగితే లేదన్నారు?"

"చెప్తే మానేస్తావుగా. మందన్నాక మండదా? ఇన్నేళ్లకి నువ్వు నాకోసం పనిగట్టుకుని చేసింది అదొక్కటే."

బస్సు నందిగామలోకి తిరిగింది. అత్తయ్య సీసా మూత బిగించి నా చేతికిచ్చి, పూలు మళ్లీ ఎప్పుడు తెస్తావని అడిగింది.