హన్నమ్మ గుంత

సొలొమోనుకు ఉన్న పిచ్చి ఒక్కటే: రోడ్డు మీది గుంతలకు పేర్లు పెట్టడం. నారాయణఖేడ్‌లో ముప్పై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాడు. కంగ్టి దారిలో ఆయన నామకరణం చేయని గుంత లేదు. వానలతో వచ్చి ఎన్నాళ్లకీ కదలనిది అల్లుడి గుంత. మలుపు తిరగ్గానే ఎదురయ్యేది ప్రిన్సిపాల్ గుంత. ఇక దిగుడు చివర, దగ్గరికి వెళ్తే గాని లోతు తెలియనిది హన్నమ్మ గుంత. హన్నమ్మ ఆయన భార్య. ఆ పేరు పెట్టిన రోజు ఆయనకు అన్నంలోకి కూర దొరకలేదు.

ఈ గుంతల వల్ల దీవెనకు పెద్ద చిక్కే వచ్చిపడింది. దీవెన డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. సెకండ్ హ్యాండ్ రేసింగ్ సైకిల్ మీద రోజూ కంగ్టి దాకా తొక్కి వస్తుంది. వచ్చే ఆదివారం అదే దారిలో అమ్మాయిల జిల్లా జట్టు ఎంపిక పోటీ. మొదటి ముగ్గురికే చోటు. పాత చక్రాలు మరీ బరువు. ఫోన్‌లో వెతికి వెతికి ఒక జత ఎంచుకుని సొలొమోనుకు చూపించింది.

"ఎన్ని స్పోకులు?"

"ఇరవై, మామా. అల్కగ ఉంటయి."

"గొడుగు గుడ అల్కగనే ఉంటది బిడ్డా. దాని మీదెక్కి తిరుగుతమా? ముప్పై ఆరు స్పోకులతోని నేను కట్టిస్త, ఏనుగెక్కినా వంగది."

"ఏనుగు రేసుకు వస్తలేదు మామా."

"మరి అల్లుడి గుంతల పడితే?"

"తప్పిస్త."

"ప్రిన్సిపాల్ గుంతల?"

"గది గుడ తప్పిస్త."

"హన్నమ్మను ఎట్ల తప్పించుకుంటవే? నాతోనే కాలే!"

దుకాణం వెనకే ఇల్లు. లోపల గిన్నె ఒకటి గట్టిగా కిందపడింది.

దీవెన తన పంతం నెగ్గించుకుంది. చక్రాలు గురువారం వచ్చాయి. ఆముదం తాగిన ముఖంతోనే సొలొమోను వాటిని బిగించాడు. ఇరవైసార్లు తిప్పి చూశాడు. వెంట్రుకంత వంకర కూడా లేదు.

"సక్కగున్నయి. గదే నా భయం," అన్నాడు.

మర్నాడు దుకాణం తెరవలేదు. శనివారమూ తాళమే. "నీ మీద అలిగిండు," అన్నారు పక్క దుకాణం వాళ్లు. దీవెనకు మనసు చివుక్కుమంది. చక్రాల మీద నమ్మకం కూడా కాస్త సడలింది. పోటీకి ముందు కాళ్లకు విశ్రాంతి అని ఆ రెండు రోజులూ కంగ్టి వైపు వెళ్లలేదు.

ఆదివారం పోటీలో దిగుడు దగ్గరికొచ్చేసరికి దీవెన మూడో వరుసలో ఉంది. ఎడమ పక్క నర్మద, కుడి పక్క సుహాసిని. పక్కకు జరిగే సందే లేదు. ఎదురుగా, ముందు వరుసల చాటున, హన్నమ్మ గుంత.

"యేసయ్యా!" అని హ్యాండిల్ బిగపట్టింది. చక్రం విరిగే చప్పుడు కోసం చెవులు ఎదురుచూశాయి.

బర్రుమని చిన్న శబ్దం, అంతే. గుంత లేదు. దాని నిండా గట్టిగా దిమ్మిస చేసిన ఎర్ర మొరం ఉంది. దీవెనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. రోడ్డు పక్కన పారకు ఆనుకుని సొలొమోను, తట్ట పట్టుకుని హన్నమ్మ. ఇద్దరికీ మోకాళ్ల దాకా ఎర్రమట్టి.

"మమ్ములేం సూస్తవే? తొక్కు!" అని అరిచింది హన్నమ్మ.

దీవెన తొక్కింది. మూడో స్థానంలో వచ్చింది. జట్టులో చోటు దొరికింది.

సాయంత్రం దుకాణానికి పరుగెత్తింది. "మామా, నా చక్రాలు మంచియే అని ఒప్పుకో."

"మంచిది మొరం. చక్రం కాదు."

హన్నమ్మ చాయ్ తెచ్చిచ్చింది. "రెండు దినాలల్ల పదకొండు గుంతలు పూడ్సినం బిడ్డా. ముందుగాల నా పేరుదే పూడ్సుమన్న."

దీవెనకు నవ్వూ వచ్చింది, మామ మీద చెప్పలేనంత ప్రేమా వచ్చింది. "ఇగ నీకు పేర్లు పెట్టనీకి గుంతలే లేవు గద మామా?"

సొలొమోను దుకాణం ముందు కొత్తగా పడ్డ గుంతను చూపించాడు.

"గదొక్కటి ఉంచుకున్న. దాని పేరు దీవెన. ఎంత చెప్పినా ఇనదు."

ఇంటికి పోతూ దీవెన సైకిల్ దిగి, తన గుంత చుట్టూ జాగ్రత్తగా నడిపించుకుంటూ వెళ్లింది.