రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, అమ్మ గొంతు

అమ్మ గొంతు మా ఇంట్లో ఒక్కచోటే ఉంది. ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మా తెలుగు చర్చి క్వైర్ నేను పుట్టకముందు వేయించుకున్న రికార్డులో, రెండో వైపు, మూడో పాట, రెండో చరణం. ఆ చరణం ఆమె ఒక్కతే పాడింది. నాకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. ఆ గొంతు నాకు గుర్తు లేదు.

నిరుడు పాత టర్న్‌టేబుల్ ఒకటి దొరికింది. దానికి కావలసిన సర్క్యూట్ నేనే కట్టాలనుకున్నాను. రికార్డు తయారుచేసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి గాడిలోకి ఎక్కిస్తారు. వినేటప్పుడు దాన్ని అంతే కచ్చితంగా వెనక్కి తిప్పాలి. ఆ పని ఈక్వలైజర్‌ది. నేను పాసివ్ పద్ధతి ఎంచుకున్నాను: రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు. అది ఎక్కువైనదాన్ని తగ్గిస్తుంది తప్ప సొంతంగా ఏమీ కలపదు. అందుకే నచ్చింది.

మా ఊరి ఎలక్ట్రానిక్స్ బజారు చాందినీ చౌక్‌లో ఒక్కో కెపాసిటర్‌నూ మీటరు పెట్టి కొలిచి పక్కన పెడుతుంటే, "ఏంటి దాదా, పెళ్లిచూపులా?" అని దుకాణదారు బెంగాలీలో నవ్వాడు.

సర్క్యూట్ పలికింది. ఆ చరణాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకుని పదిహేను రోజులు న్యూ టౌన్ ఆఫీసు బస్సులో విన్నాను. మెత్తటి, బరువైన గొంతు. పక్కన పడుకుని చెవిలో చెబుతున్నట్టు ఉండేది. అమ్మంటే ఇలాగే ఉంటుందనుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక నాన్నకు వినిపించాను. నాన్న పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు.

"ఎవర్రా ఈవిడ?"

"అమ్మే నాన్నా."

"మీ అమ్మేటి, ఇలాగుంటాదేటి? జలుబు సేసినట్టుంది. అది పాడితే పాస్టరుగారు కొంచెం తగ్గమ్మా, తగ్గమ్మా అనీవోరు. నీ డబ్బాలోనే ఏదో తేడా ఉంది."

"అన్నీ లెక్కకట్టే పెట్టాను. ఇన్నేళ్లయింది, నీకు గుర్తుందా అసలు?"

"నీకుందేటి?"

మర్నాడు కొలిచి చూశాను. ఈక్వలైజర్‌కు ముందున్న ఆంప్లిఫయర్‌కూ సొంత నిరోధం ఉంటుంది. అది నా మొదటి రెసిస్టర్‌తో కలిసిపోతుంది. దాన్ని లెక్కలో వదిలేశాను. కాలేజీలో ఇలాంటి తప్పు ఎవరైనా చేస్తే నేను నవ్వేవాణ్ణి. బేస్ ఉబ్బి, మిగతా స్వరాలన్నీ దాని కింద అణిగిపోయాయి. పదిహేను రోజులు నేను విన్న మెత్తదనం అదే.

రెసిస్టర్ మార్చాను. మళ్లీ ఆదివారం పెట్టాను. గొంతు సన్నగా, పదునుగా వచ్చింది. "స" వచ్చినచోటల్లా ఈల లాంటి చప్పుడు. నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అదీ! అదీ మనిషి! ఇంకోపాలి పెట్టరా."

పెట్టాను. ఆయన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఎవరో కొత్తావిడ పాడుతున్నట్టే ఉంది. సర్క్యూట్‌లో ఇక తప్పు లేదు. మూడుసార్లు కొలిచాను.

"నన్ను పిలిచినప్పుడు కూడా ఇలాగే ఉండేదా?"

"నిన్ను పిలిస్తే వీధి సివరకి వినిపించీది."

"మరి నిద్రపుచ్చేటప్పుడు?"



"అది నాకేటి తెలుస్తాదిరా? నేను డ్యూటీలో ఉండీవోణ్ణి. అది విన్నోడివి నువ్వొక్కడివే."