ఈశాన్యం గోడకు పొగగొట్టం

దగ్గు తగ్గట్లేదని వెళ్తే, సూర్యాపేటలో ఛాతీ డాక్టరు నా వీపు మీద స్టెతస్కోపు పెట్టి, ప్రశ్న మాత్రం మా ఆయన్ని అడిగాడు. "ఏం పని చేస్తారు ఈవిడ?"

"ఇంట్లనే ఉంటది సార్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లోనే ఉంటాను, నిజమే. ఇంట్లో ఉండి మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి వచ్చే సర్క్యూట్ బోర్డులు బాగుచేస్తాను. బియ్యంలోని నల్లగింజను కెమెరాతో పసిగట్టి గాలితో పక్కకు కొట్టే మిషన్ల బోర్డులవి. అందులో ఒక్క ముక్క కాలినా మిల్లు ఆగుతుంది, సేట్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. కోదాడలో పుట్టి పెరిగి, పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివి, పెళ్లయి సూర్యాపేట వచ్చాక నాకంటూ మిగిలింది పక్కగదిలో ఒక బల్ల, దాని మీద ఒక సోల్డరింగ్ ఐరన్. "సోల్డరింగ్ చేస్తాను సార్" అని నేనే చెప్పాను.

"ఆ పొగ మీకు పడట్లేదు. ఆ పని మానెయ్యండమ్మా," అన్నాడు డాక్టరు, తలెత్తకుండా.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసే మగవాళ్లంతా ఇదే పొగలో కూర్చుంటారు. వాళ్లు దగ్గితే సిరప్ రాసిస్తారు. మా ఆయన బండి మీద ఇంటికొచ్చేదాకా డాక్టరు మాటే పట్టుకున్నాడు. "పెద్ద డాక్టరే చెప్పిండు గద. నా జీతం సాలదా మనకు?" ఆయన చివ్వెంల దగ్గర ఒక ఆఫీసులో గుమాస్తా. జీతం చాలుతుందని నాకూ తెలుసు. చాలడం గురించి ఇక్కడ ఎవరడిగారు?

అసలు ఆ పొగ చెడ్డదని మా ఇంట్లో ఎవరికీ, నాతో సహా, ఎప్పుడూ అనిపించలేదు. ముక్కల్ని బోర్డుకు అతికించే సోల్డర్ తీగ లోపల రోజిన్ ఉంటుంది, చెట్టు బంకతో చేసేది. వేడి ఐరన్ తగలగానే అది కాలి సన్నటి తెల్లపొగ లేస్తుంది. వాసన అచ్చం గుగ్గిలం వేసినట్టే. మా అత్తమ్మ శుక్రవారం శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి తిప్పుతుంది, తలంటుకున్న రోజు నా జుట్టుకు ఆ పొగ పట్టిస్తుంది. అలాంటి ఇంట్లో ఈ వాసనను ఎవరు అనుమానిస్తారు? "దేవుని పొగ లెక్కనే ఉంటది, మంచిదే," అనేది అత్తమ్మ, నా బల్ల పక్కన కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. నేను కూడా బోర్డు మీదికి వంగి, ఆ వాసనను హాయిగా గుండెలనిండా పీల్చుకునేదాన్ని. దండం పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

పొగ పడకపోతే పొగను బయటికి పంపాలి గానీ, నన్నెందుకు పంపడం? అదే అన్నాను. కొన్ని రోజులు గడిచాక మా ఆయన ఆన్‌లైన్‌లో ఒక పొగ పీల్చే ఫ్యాన్ తెప్పించాడు. చిన్న నల్లడబ్బా. లోపల ఫ్యాన్, దాని ముందు బొగ్గుపొడి పట్టించిన స్పాంజి ముక్క.

"ఇగ సరేనా?" అన్నాడు.

పెట్టి చూశాను. వాసన తగ్గింది, దగ్గు తగ్గలేదు. అనుమానం వచ్చి దేవుడి గూట్లోంచి ఒక అగర్‌బత్తి తెచ్చి, వెలిగించి, ఐరన్ మొన ఉండే చోట పట్టుకున్నాను. పొగ డబ్బా వైపు మొగ్గినట్టే మొగ్గి, తిన్నగా లేచి నా ముఖానికే వచ్చింది. డబ్బాను బోర్డుకు ఆనించి పెడితే లాగుతుంది గానీ అప్పుడు నా చేతికి చోటుండదు. లాగిన పొగయినా ఎక్కడికి పోతుంది? స్పాంజి దగ్గర వాసన వదిలేసుకుని, వెనకనుంచి మళ్లీ గదిలోకే వస్తుంది. వాసనను బట్టి మంచీచెడ్డా తేల్చుకోవడం మా ఇంట్లో ఇది రెండోసారి.

"డబ్బ మీద స్మోక్ అబ్జార్బర్ అనే రాసున్నది గద," అన్నాడాయన.

"డబ్బాకు ఊపిరితిత్తుల్లేవు, నాకున్నయి," అన్నాను.

ఆ తర్వాత బాగుచేసిన బోర్డు ఒకటి బిగించడానికి మిర్యాలగూడ వెళ్లాను. ఆ మిల్లుకు ఎన్నోసార్లు వెళ్లాను. ఎప్పుడూ నా కళ్లు బోర్డు మీదే ఉండేవి. ఆ రోజు దగ్గుతెర వచ్చి, పని ఆపి తల పైకెత్తాను. తవుడు దుమ్ము లేచే ప్రతి చోటా, సరిగ్గా అది పుట్టే నోటి దగ్గర, ఒక రేకు గరాటు బోర్లించి ఉంది. గరాటుకు గొట్టం, గొట్టం చివర గోడ అవతల గాలిని లాగే బ్లోయర్. దుమ్ము గాల్లోకి లేవకముందే వెళ్లిపోతోంది. బియ్యానికి ఉన్నపాటి మర్యాద నాకు లేకపోయిందే అని ఉక్రోషం వచ్చింది.

నేను గొట్టం వంకే చూస్తుంటే మిల్లు సేటు వచ్చాడు. "ఏమైంది మేడం, బోర్డు నడుస్తలేదా?"

"నడుస్తున్నది సేటూ. గిలాంటిదొకటి మా ఇంటికి కావాలి."

"ఇంట్ల మిల్లు పెడుతున్నరా ఏంది?" అని ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. అటునుంచి అటే కోదాడ బస్సెక్కాను.

కోదాడలో మా పుట్టింటి దగ్గరి ఎలక్ట్రికల్ షాపాయన నన్ను చూడగానే వంటింటి చిమ్నీల దగ్గరికి నడిపించాడు. "ఇంట్లోకేగా అమ్మా? లేడీస్ అంతా ఇదే తీసుకుంటున్నారు."

"వంటకు కాదండీ, సోల్డరింగ్‌కి."

"సారు చేస్తారా?"

"నేనే చేస్తాను."

ఆయన ఓసారి నన్ను, ఓసారి చిమ్నీని చూశాడు. గల్లాపెట్టె పక్కన లక్ష్మీదేవి పటం ముందు అగర్‌బత్తి వెలుగుతోంది. ఒకటి ఇమ్మని అడిగితే, ఫ్యాన్‌కు పూజ చేస్తాననుకున్నాడు. "పూజ ఇంటికెళ్లాక చేసుకుందురు గానీ, ముందు ఏది కావాలో చెప్పండి." పూజ కాదని చెప్పి, గోడకు పెట్టే ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి, గొట్టానికి బిగించే బ్లోయర్ ఒకటి ఆన్ చేయించాను. ఉత్తినే తిరిగినప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యానే జోరుగా లాగింది. కానీ నాకు కావలసింది గొట్టం చివర లాగడం. రెండింటికీ మడతల గొట్టం తగిలించమన్నాను. ఆయన గొణుక్కుంటూనే తగిలించాడు. గొట్టం తగిలేసరికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ నీరసపడి, పొగ దాని నోటి దగ్గరే తచ్చాడింది. బ్లోయర్ మాత్రం జానెడు దూరం నుంచే పొగను గీత గీసినట్టు లోపలికి లాక్కుంది.

"ఫ్యాన్ కొంటున్నారా, నాకు పరీక్ష పెడుతున్నారా అమ్మా?" అన్నాడు షాపాయన.

"ఫ్యాన్‌కి పెడుతున్నాను. ఇది పాసయింది, కట్టండి."

ఇంటికి తెచ్చాక అసలు గొడవ మొదలైంది. గొట్టం బయటికి పోవాలంటే దారి కావాలి. నా గది కిటికీ వరండాలోకి తెరుచుకుంటుంది, ఆ కిటికీ కిందే అత్తమ్మ మంచం. ఒక పక్క గోడ అవతల వంటిల్లు. ఇక మిగిలింది ఈశాన్యం మూల గోడ, దాని అవతల మా ఖాళీ పెరడు.

"ఈశాన్యానికి బొక్క పెట్టి పొగ ఇడుస్తవా?" అన్నాడు మా ఆయన. "పొయ్యైనా పొగైనా ఆగ్నేయానికి ఉండాలె."

"ఆగ్నేయంలో వంటిల్లు ఉంది. తీసుకెళ్లి కూరలో వదలమంటారా?"

"అయితే మానెయ్. గోడకు సుత్తె తగిలిందంటే ఆ బోర్డులన్ని మిల్లులకు వాపస్ పంపుత, సూడు."

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లగానే స్టీలు గిన్నె బోర్లించి గోడ మీద గుండ్రంగా గీత గీశాను. సుత్తి, ఉలి చేతిలోకి తీసుకున్నాను. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో అత్తమ్మ. ఆమె కొడుకు మాట జవదాటదని నాకు తెలుసు.

"అడ్డం రాకండి అత్తమ్మా. ఇల్లు కూలితే నా మీదే కూలనియ్యండి. నేనీ బల్ల వదలను."

ఆమె బల్ల మీదున్న బ్లోయర్‌ను చూపించి, "ఏది, అదెట్ల గుంజుతదో సూపియ్," అంది. గొట్టం కొసను కిటికీలోంచి బయటపెట్టి, అగర్‌బత్తి ముట్టించి చూపించాను. పొగ మా ఇద్దరి వైపూ రాకుండా నేరుగా గొట్టంలోకి పోయింది. ఆమె అగర్‌బత్తి నా చేతిలోంచి తీసుకుని, అటు జరిపి ఇటు జరిపి చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ నా కుర్చీలో కూలబడింది.

"ఏండ్లకేండ్లు కట్టెల పొయ్యి కాడ కూసున్న బిడ్డా. పొగకు కండ్లు మండేటియి, దగ్గి దగ్గి పేగులు నోట్లెకొచ్చేటియి. వంట మానెయ్యమని ఒక్కలన్న అన్నరా? పొగకో గొట్టం పెడదామని ఒక్కలన్న అన్నరా?"

నాకు ఏడుపొచ్చింది. డాక్టరు మీద, మా ఆయన మీద పెంచుకున్న కోపం నా ఒక్కదాని కోసమే అనుకున్నాను అప్పటిదాకా.

"ఏడుసుకుంట నిలబడ్డవేంది, కొట్టు," అందామె లేస్తూ. "పెళ్లలు బోర్డుల మీద పడకుండ నేను సాట పట్టుకుంట."

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి గొట్టం గోడలో ఉంది, నేల మీద ఇటుకపొడి ఇంకా ఊడవలేదు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఎవరు కొట్టిండ్రు ఈ గోడను?"

నేను నోరు తెరిచేలోపే వరండాలో మంచం మీదనుంచి అత్తమ్మ పలికింది.

"నేనే కొట్టిపిచ్చిన. వాపస్ పంపుడుంటే ముందుగాల నన్ను పంపు."

ఆయన చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడ్డాడు. నేను బ్లోయర్ స్విచ్ వేసి, ఐరన్ చేతిలోకి తీసుకున్నాను.