రేకు చుట్టి బిగించిన చక్

నేను రాత్రి బడిలో చదివి డిగ్రీ పొందినవాణ్ణి. నా తెలుగులో దోషాలుంటే పెద్దలు మన్నించగలరు. చెప్పబోయే సంగతిలో మాత్రం దోషం లేదు.

ఈ ఉదయం ఒక పెద్ద మిషన్ తాలూకు పాత చక్‌ను నా చిన్న లేత్‌కు అమర్చుతున్నాను. కర్రను పట్టి తిప్పే ఇనుప ముద్ద అది. దాని రంధ్రం వదులు పోయేలా లోపలికి బుష్ అనే ఇనుప గొట్టాన్ని దిగగొడుతుంటే పాత గ్రీజు వాసన గుప్పుమంది.

మిత్రులారా, మంచం కోళ్లు, లక్క పూసిన బొంగరాలు గుర్తున్నాయా? చీపురుపల్లిలో మా పెరటి పాకలో నాన్నగారు, అమ్మ తమ్ముడైన మా మావయ్య అవే చేసేవారు.

ఒకనాడు నాన్నగారు ఇలాంటి చక్‌నే తెచ్చారు. మా లేత్‌లో తిరిగే షాఫ్టుకు అది వదులైంది. నూనె డబ్బా రేకు చుట్టి బిగించారు.

“బావా, రేకు ఆగదు, సెప్తన్నాను. బుష్ ఎయించు. ఎగిరొచ్చిందంటే బుర్ర బద్దలైపోద్ది.”

“ఏటిరా, నాకే పని నేర్పుతన్నావా?” అని నాన్నగారు కొయ్య సుత్తితో మావయ్య భుజం మీద ఒక్కటిచ్చి, స్విచ్ వేశారు.

మావయ్య ఆయన జుట్టు పట్టి నేలకు ఈడ్చి, ఛాతీ మీద కూర్చుని చెంపలు వాయించాడు. అమ్మ పరుగున వచ్చి అట్లకాడతో తమ్ముడి వీపు బాదింది.

“ఒరే, నా మొగుణ్ణి సంపేత్తావేట్రా!”

అంతలో చక్ ఊడి, నాన్నగారు నిలబడిన చోటు మీదుగా దూసుకుపోయి, మట్టిగోడను చీల్చుకుని అవతల పడింది.

అమ్మ గోడకు పడిన కంతను చూసింది. కింద పడి ఉన్న నాన్నగారిని చూసింది.

“ఇంకో రెండు ఎయ్యరా,” అంది తమ్ముడితో.

దీనిని ఇక చదవవలసినవారు, రేకు చుట్టి స్విచ్ మీద చేయి వేసిన మగవారు. వారికి తీరిక లేకపోతే వారి భార్యలు చదవవలెను.