మగ్గం గీత, నా గీత

తిరుపతిలో పరిశోధన వెలగబెడుతున్న ఆ రోజుల్లో నాకు ఆకలికన్నా అసూయే ఎక్కువగా ఉండేది. కారణం పక్క బల్ల దగ్గర పనిచేసే నగరి మిత్రుడు. ఇంట్లో పవర్‌లూములున్నాయని ల్యాబులో అందరం అతన్ని ‘మగ్గం’ అనేవాళ్లం. మా ఇద్దరి పనీ అయానిక్ ద్రవాలతో. అంటే మామూలు గది వేడిలోనే నూనెలా ఉండే ఉప్పులన్నమాట. బ్యాటరీల్లో కరెంటు మోసే ఎలక్ట్రోలైట్‌గా అవి పనికొస్తాయా అని చూడాలి. వోల్టేజి పెంచుతూ పోతే గ్రాఫులో గీత చాలాదూరం చదునుగా సాగాలి; పైకి లేచిందంటే ద్రవం విడిపోతున్నట్టే. మగ్గం గీత రేణిగుంట రన్‌వేలా సాగేది. నాది సగంలోనే పైకి లేచేది. చెన్నై సదస్సుకు ఒక్కరినే పంపుతానని మా గైడు చెప్పాక నాకు అన్నం సహించలేదు.

అతని ద్రవం ఎంత చిక్కగా ఉంది, నాదెంత అని గంటకోసారి నా సీసా మూత తీసి, గాజు కడ్డీతో కదిపి చూసుకునేవాణ్ణి. సాయంత్రం పాకాలలో రైలు దిగి ఇల్లు చేరగానే అతన్ని తిట్టడం మొదలు: చొక్కా నలగదు, చెయ్యి వణకదు, ఎవరిమీదా గొంతు పెంచడు (ఇవన్నీ దుర్గుణాలని అప్పటి నా నమ్మకం). నాయన సగం వినకుండానే చెయ్యి కడుక్కునేవాడు. మా చెల్లెలు మాత్రం శ్రద్ధగా వినేది.

చివరికి రోషం చంపుకుని మగ్గాన్నే అడిగాను. అతను నా సీసా వైపు చూసి మెల్లగా అన్నాడు:

“మాటిమాటికీ మూత తీస్తా ఉండావు కదబ్బా. వానాకాలం గాలి. తడంతా పీల్చుకుంటా ఉండాది. కరెంటు ముందు ఆ నీళ్లనే విడగొడతాది.”

“ముందే చెప్పొచ్చు కదప్పా?”

“నువ్వు నాతో మాట్లాడితే కదా.”

ఆ పూట తన పని ఆపుకుని, నా ద్రవాన్ని వ్యాక్యూమ్ ఓవెన్‌లో ఆరబెట్టించాడు. మర్నాడు నా గీతా చదునైంది. అయినా గైడు అతన్నే చెన్నైకి పంపాడు. ఇంటికెళ్లి ఈ అన్యాయం వెళ్లబోసుకుంటే చెల్లెలు అంతా విని, “ఎప్పుడొస్తాడన్నా ఆయన?” అంది. అప్పుడు కూడా నాకు వెలగలేదు.

ఇప్పుడు మగ్గం మా బావ. ఆదివారం వస్తే నాయన నాటుకోడి కూరలో మంచి ముక్కలన్నీ ఏరి అల్లుడికే వేస్తాడు. నాకు లోపల చురుక్కుమంటూనే ఉంటుంది. కానీ పాకాల రైల్లో పళ్లు నూరుకుంటూ కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. చెల్లెలికి సంబంధం చూసిపెడుతున్నది తానేనని పాపం వాడికి తెలియదు.