కొంగల రంగు చూసి కొన్న ల్యాప్‌టాప్

చలికాలం ఆదివారాల్లో పులికాట్ వెళ్లి పక్షుల ఫొటోలు తీయడం నాకలవాటు. తిరుచానూరులో ఇంటికొచ్చి కెమెరా కార్డు పెడితే, నా పాత ల్యాప్‌టాప్ కరకరమని చప్పుడు చేస్తూ ఒక్కో ఫొటోకీ అపసోపాలు పడేది. బస్సు డ్రైవరుగా రిటైరైన మా నాయనకు ఆ చప్పుడు మీదే చెవి.

"లోపలేందో అరిగిపోతా ఉండాది మే" అనేవాడు.

అది హార్డ్ డిస్క్ అనీ, అందులో పళ్లెంలాంటిది తిరుగుతుందనీ, ఇప్పుడు దాని బదులు ఎస్ఎస్‌డీ వస్తోందనీ, అందులో తిరిగేదేమీ ఉండదనీ చెప్పాను.

"తిరక్కుండా ఎట్ల పన్జేస్తాది?"

నాకూ సరిగ్గా తెలీదు. చిప్పుల్లో దాచుకుంటుందట అన్నాను. ఆయనకది చాల్లేదు. కొత్తది కొనడానికి నేను తిరుపతికి బయల్దేరితే తనూ చెప్పులేసుకున్నాడు.

దుకాణంలో నాకు అందే ధరలో రెండు కనిపించాయి. ఒకదాంట్లో ఎస్ఎస్‌డీ పెద్దది, ర్యామ్ తక్కువ. రెండోదాంట్లో ర్యామ్ రెట్టింపు, ఎస్ఎస్‌డీ సగం. అన్ని ఫొటోలు దాచుకోవాలి కదా, నా మనసు పెద్ద ఎస్ఎస్‌డీ మీదే ఉంది. అయినా ఒకసారి చూద్దామని బ్యాగులోంచి కెమెరా కార్డు తీసి, "నా ఫొటోలు వేసి చూడొచ్చా?" అని అడిగాను. దుకాణం ఆయన నవ్వి రెండూ నా ముందుకు జరిపాడు.

రెండిట్లోనూ ఫొటో చిటికెలో తెరుచుకుంది. ఎస్ఎస్‌డీ చిన్నదైనంత మాత్రాన పని నెమ్మదించలేదు. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో ఒకేసారి చాలా తెరిచాను. అప్పుడు మాత్రం ర్యామ్ తక్కువున్నది బిగుసుకుపోయింది.

"డిక్కీ పెద్దదే, మనుషులు కూర్చునేదానికి సీట్లు చాల్లేదు. అంతేనా అప్పా?" అన్నాడు నాయన.

"అంతే సార్. అక్కా, ఎస్ఎస్‌డీ నిండితే పెద్దది వేసుకోవచ్చు. ర్యామ్ మాత్రం ఈ రెండిట్లోనూ బోర్డుకే అతికించేసినారు, మార్చేదానికి కాదు." సొరుగులోంచి విడి ఎస్ఎస్‌డీ ఒకటి తీసి చూపించాడు. వేలెడంత పలక. నాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏ చప్పుడూ లేదు.

సరే, ర్యామ్ ఎక్కువున్నదే తీసుకుందామనుకున్నాను. ఇంతలో నాయన రెండు తెరల మధ్యా తల అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"మే, దీంట్లో కొంగలు తెల్లగా ఉండాయే?"

ఒకే ఫ్లెమింగోల గుంపు. మొదటి తెరలో లేత గులాబీ, నేను కొనబోతున్నదాంట్లో సున్నం కొట్టినట్టు తెలుపు. అంతసేపూ లోపలి సామాన్లే బేరీజు వేశాను గానీ, చూసే తెర సంగతే తట్టలేదు.

"నువ్వు కంటితో సూసింది యా రంగు?"

"మొదటిదే నాయనా."

మంచి తెర, ఎక్కువ ర్యామ్, రెండూ ఉన్నది ఏదైనా ఉందా అని అడిగాను. దుకాణం ఆయన వెతికి ఇంకోటి తెచ్చాడు. ప్రాసెసర్ కాస్త పాతది, ఎస్ఎస్‌డీ అన్నిటికంటే చిన్నది. మళ్లీ కార్డు పెట్టాం. గులాబీ రంగు సరిగ్గా వచ్చింది, ఫొటోలన్నీ ఆగకుండా తెరుచుకున్నాయి. అదే తీసుకున్నాను.

తర్వాతి ఆదివారం నాయన నాతోపాటు పులికాట్ వచ్చాడు. నీళ్లలో నిలబడ్డ గుంపును చూసి, "ఏం మే, ఈడా తెల్లగానే ఉండాయి కదా" అన్నాడు. అయితే నేను గులాబీ తెర కొని తప్పు చేశానా అనుకున్నాను. అంతలో ఒక పడవ దగ్గరికి రావడంతో గుంపంతా ఒక్కసారి లేచింది. రెక్కల్లోని ఎరుపు, అంచున నలుపు ఆకాశంలో విచ్చుకున్నాయి. "తియ్ మే, తియ్!" అని నాయన అరుస్తూనే ఉన్నాడు.

ఆయన మాట విని తీసిన ఫొటోలతో, చలి పోకముందే ఎస్ఎస్‌డీ నిండిపోయింది. దుకాణానికి వెళ్లి పెద్దది వేయించుకున్నాం. దుకాణం ఆయన ల్యాప్‌టాప్ మూత విప్పి పనిచేసినంతసేపూ నాయన బల్ల మీదికి వంగి, ఫ్యాను ఏదో, బ్యాటరీ ఏదో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు.