పచ్చజెండా మేజోడు

మా పెద్దాడు ఏడో నెలలోనే పుట్టేశాడు. ఖరగ్‌పూర్‌కి బండ్లన్నీ ఆలస్యంగా వస్తుంటే వీడొక్కడే టైముకు ముందొచ్చాడని మామగారు ఆసుపత్రి వరండాలో అందరినీ నవ్వించబోయారు. ఎవరికీ నవ్వు రాలేదు.

వాణ్ణి అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. మాటిమాటికీ రక్తం తీయాలి, చేతి నరాలేమో మరీ సన్నం. అందుకని బొడ్డులోని రక్తనాళంలోకి సన్నటి గొట్టం వేశారు. అది చూసి మా అత్తగారు డాక్టరు మీదికే వెళ్లారు.

"కోసీసిన బొడ్డుకి మల్లీ గొట్టమేటి బాబూ? ఇది ఊడేదెప్పుడు, మేం పురుడు సేసేదెప్పుడు?"

మూడో రోజు పొద్దున వాడి ఎడమ కాలి వేళ్లు పాలిపోయి, కొసలు నీలంగా కనిపించాయి. గొట్టం వల్ల ఆ కాలి రక్తనాళం బిగుసుకుందన్నాడు డాక్టరు. బాగున్న కుడికాలికి వెచ్చగా గుడ్డ చుడితే ఆ వేడికి రెండు కాళ్ల నాళాలూ వదులవ్వొచ్చట. రక్తం అందని ఎడమకాలికి మాత్రం వేడి తగిలితే ముప్పు, దాన్ని కప్పకూడదు, రంగు కనబడుతుండాలి. సాయంత్రానికి తేరుకోకపోతే గొట్టం తీసేస్తానని, అశ్రద్ధ చేస్తే వేళ్లే పోతాయని చెప్పాడు.

పురుడయ్యేదాకా పసివాడికి కొత్తబట్ట తగలకూడదని అత్తగారి పట్టు. మామగారు రైలు గార్డుగా రిటైరైన మనిషి. ఆయన పాత పచ్చజెండాని కత్తిరించి, లోపల పాత ఫ్లానెల్ ముక్క వేసి, మధ్యాహ్నానికల్లా ఒంటి మేజోడు కుట్టుకొచ్చారు ఆవిడ. నర్సు దీదీ దాన్ని మరిగించి ఆరబెట్టి, వెచ్చజేసి కుడికాలికి తొడిగింది.

ఆమె పక్క గదిలోకి వెళ్లగానే అత్తగారు గొణిగారు. "సల్లబడిపోయిన కాలుని ఒగ్గీసి, బాగున్నదానికి ఏస్తారేటి? వీళ్ల సదువులు తగలెయ్య!" చేతులు మళ్లీ కడుక్కుని, పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి, మేజోడు తీసి ఎడమకాలికి తొడిగేశారు.

అరగంట తరవాత దీదీ తిరిగొచ్చింది. "ఏ కీ కొరేఛేన్, మాషీమా!" ఇదేం పని చేశారమ్మా అని బెంగాలీలో కేక పెట్టింది. మేజోడు లాగితే వేళ్లు ఇంకా నల్లబడి ఉన్నాయి. డాక్టరు పరుగున వచ్చి గొట్టం తీసేశాడు. "ఎవరు మార్చారిది?" అని అరిచాడు.

"నానే సేసినాను బాబూ. నా బుద్ధి గడ్డి తింది" అన్నారు అత్తగారు. గోల్‌బజార్‌లో చేపలవాళ్లనే గడగడలాడించే మనిషి, తలొంచుకుని చీవాట్లన్నీ తిన్నారు. తరవాత గంటసేపు మేమిద్దరం ఆ అయిదు వేళ్లకేసి చూస్తూ నిలబడ్డాం. ముందు చిటికెన వేలికి ఎరుపొచ్చింది. మెల్లగా తక్కినవాటికీ వచ్చింది. మామగారు వరండాలోంచి గది కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, "లైన్ క్లియర్!" అన్నారు. ఈసారి అందరం ఏడుస్తూ నవ్వాం.

ఇప్పుడు ఆ కాలితోనే వాడు మా ఇంటి తలుపులు తన్ని తీస్తాడు. వాడు తన్నినప్పుడల్లా అత్తగారు ఈ కథ మొదలుపెడతారు. జెండా కత్తిరించినందుకు మామగారు పడ్డ బాధ, దీదీ కేక, డాక్టరు తిట్లు, ఏదీ వదలరు. ఒక్కటి మాత్రం ఎన్నడూ చెప్పరు. ఆవిడ మేజోడు మారుస్తుంటే నేను పక్కనే ఉన్నాను. నాకూ అదే సబబనిపించింది. ఆవిడ చెయ్యి లోపలికి పట్టాలని పెట్టె కిటికీ తలుపు తెరిచి పట్టుకున్నది నేనే.